మల్కా అత్తరు ఎందుకు ఆగిపోయింది

పోయిన నెల మాదన్నపేటలో ఒక పెండ్లికి వెళితే, గుమ్మం దగ్గర ఎవరో నా మణికట్టు మీద అత్తరు రాశారు. తీపి, ఘాటు, దాని వెనుక ఇంకేమీ లేదు. భోజనానికి కూర్చునేలోపే ఆరిపోయింది. పక్కనున్న పెద్దమనిషి తన చెయ్యి వాసన చూసుకుని, "గిదేం అత్తరన్నా? ఒకప్పుడు మల్కా ఉండె. పాపం, ముసలాయన ముక్కు పోయి దాన్ని ఖరాబ్ చేసిండు" అన్నాడు. నేను తలూపాను. ఆ మాట విన్నప్పుడల్లా ఇరవై ఏళ్లుగా తలూపుతూనే ఉన్నాను. అది నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

యాకూబ్ సాబ్ అత్తరు దుకాణం చార్మినార్ దగ్గరి హుస్సేనీ ఆలంలో ఉండేది. పంతొమ్మిది వందల యాభైల మొదట్లో, ఇరవై ఆరేళ్ల వయసులో, నేను అక్కడ గుమాస్తాగా చేరాను. ఆయన సొంత ఊరు మెదక్ వైపు కనుక నాతో తెలుగే మాట్లాడేవారు. మల్కా ఆయన సొంత కూర్పు. కుంకుమపువ్వు, అంబరు, ఊదు, గోరింటపూల అత్తరు, అన్నిటికీ అడుగున గంధపు నూనె. రాసిన వెంటనే అది ఎవరికీ నచ్చేది కాదు. మందుల కొట్టులో కొత్త తోలు ఆరేసినట్టుండేది. ఒంటి వేడికి మెల్లగా మెత్తబడి, సాయంత్రానికి తేనె, పొగ, పాత శాలువాల వెచ్చదనం కలిసిన వాసనై నిలిచేది. మరునాడు చొక్కా విప్పుతుంటే మళ్లీ లేచేది. ఒకరి మీద ఉన్నట్టు ఇంకొకరి మీద ఉండేది కాదు.

అందుకే సాబ్ దాన్ని అడిగిన వెంటనే అమ్మేవారు కాదు. చేతి మీద కొంచెం రాసి, "పోయి నీ పని చూస్కో. పొద్దుగూకినంక గూడ నచ్చితే రా" అని పంపేసేవారు. "గట్ల పంపితే మళ్ల వస్తడా సాబ్?" అని మొదట్లో అడిగాను. "రాకపోతే అది ఆయనది కాదు, నర్సింగ్. లొల్లెందుకు?" అన్నారు. వాసన చూడడం నాకు నేర్పింది ఆయనే. తొందరపడి మెచ్చుకోకపోవడం కూడా.

కలిపిన మల్కాను ఒంటె తోలుతో చేసిన కుప్పెలలో పోసి, ఒక ఎండాకాలం మొత్తం డాబా మీద వేలాడదీసేవారు. అత్తరులో మిగిలిన నీటి తేమ తోలు గుండా బయటికి పోతుంది. గాజులోంచి పోదు. ఈ సంగతి ఆయన నాకు పదిసార్లు చెప్పి ఉంటారు. నేను దాన్ని పాతకాలపు పట్టింపు అనుకున్నాను.

ఒక మాఘమాసంలో ఆయన పదిరోజులు ఊరికి వెళ్లారు. వీధి చివరి వకీలుగారింట్లో పెండ్లి. వచ్చిన వాళ్లందరికీ మల్కాయే రాయాలని, అందమైన గాజు బుడ్లలో కావాలని అడిగారు. ఎండిన సరుకు లేదు. కొత్తగా పోసిన కుప్పెలు మాత్రం ఉన్నాయి. సాబ్ లేకుండా కూడా దుకాణం నడపగలనని చూపించుకోవాలనిపించింది. కుప్పెలు విప్పి, బుడ్లలో నింపి, మూతలు బిగించి పంపేశాను.

సాబ్ తిరిగి వచ్చిన వారానికి వకీలుగారు వచ్చారు. బుడ్డిని గల్లా మీద పెట్టారు. "ఏంది సాబ్ గిది? పెండ్లికొడుకు షేర్వాణీ పులిసిన గంజి వాసనొచ్చింది. వచ్చినోళ్లంత మస్తు నవ్విండ్రు."

సాబ్ మూత తీసి ఒక్కసారి వాసన చూశారు. నా వైపు చూశారు. తరువాత వకీలుగారితో, "మాఫ్ చెయ్యుండ్రి. నా ముక్కు ముసలిదైంది. కలిపేటప్పుడు తెల్వలే" అన్నారు.

వకీలుగారు వెళ్లాక సాబ్‌ను అడిగాను. "గట్లెందుకు చెప్పిండ్రు సాబ్?"

"ముసలోని ముక్కు పోయిందంటే మంది అయ్యో అంటరు. కుప్పె ఎండకముందే నువ్వు పోసినవని తెలిస్తే, చార్మినార్ చుట్టూ ఎవడన్న నిన్ను దుకాణంల అడుగు పెట్టనిస్తడా?"

"రేపు నేనే పోయి వకీల్ సాబ్‌కు చెప్త."

"నీ ఇష్టం బేటా."

మరునాడు వెళ్లలేదు. ఆ మరునాడూ వెళ్లలేదు. ఆయన అడగలేదు. ఆ ఎండాకాలం డాబా మీద కుప్పెలు వేలాడలేదు. కారణం అడిగితే, "ముక్కు లేనోడు మల్కా ఎట్ల కలుపుతడు?" అన్నారు. హాస్యం కాదు. నలుగురి ముందు అన్న మాటకు ఆయన కట్టుబడ్డారు. రెండేళ్లకు దుకాణం మూసి, నన్ను తనే ఇంకో అత్తరు దుకాణంలో చేర్పించారు. నా ఇల్లు ఆ పని మీదే నిలబడింది.

ఆయన ముక్కు చివరిదాకా చక్కగా పని చేసింది. ఇది నాకు తెలుసు. ఒక సాయంత్రం, ఆయన పోవడానికి ఏడాది ముందు, చాయ్ హోటల్లో అత్తరువాళ్లం నలుగురం కూర్చున్నాం. ఆయన వచ్చి మా పక్కన కూర్చున్నారు. ఒక కుర్ర వ్యాపారి దూదిని ఏదో అత్తరులో ముంచి ఆయన ముక్కు కింద పెట్టాడు. "సాబ్, గిదేందో చెప్పుండ్రి జర!"

అది గులాబీ. చవకరకం నూనె కలిపిన గులాబీ. ఆయన పీల్చగానే కనుబొమలు ముడిపడ్డాయి. కల్తీ అందిందని నాకు అర్థమైంది. ఒక్క క్షణం నన్ను చూశారు. తరువాత ముఖం మామూలుగా పెట్టి, "మల్లెపువ్వా?" అన్నారు.

హోటల్ అంతా నవ్వింది. ఆయనా నవ్వారు. నేను నవ్వకపోతే ఎందుకని అడుగుతారేమోనని, నేనూ నవ్వాను.