అవ్వ తలెత్తి చూసిన సినిమా

మా ఇంట్లో సినిమాను చూడరు, వింటారు. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఇళ్లలో చాలావరకు ఇంతే. ఒళ్లో చాట, చేతిలో ఆకు, చూపు వేళ్ల మీద. టీవీ దాని మానాన అది మాట్లాడుతుంటుంది. మా అవ్వకు, అంటే అమ్మకు, బోలెడు సినిమాల కథలు తెలుసు, ఒక్క హీరోయిన్ మొహమూ తెలియదు.

నాకేమో నత్తనడక సినిమాల పిచ్చి. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఎప్పుడో నా కాలేజీ రోజుల్లో వచ్చిన ఓ నేర కథ పెట్టాను. హత్య ఎంతకూ జరగదు. అంతదాకా ఒక మొగుడు, ఒక పెళ్లాం, ఒక ఇల్లు. అతను ఆమెకు మందులు గుర్తు చేస్తాడు, చలేస్తే దుప్పటి కప్పుతాడు, గొంతు పెంచడు.

అక్క కూడా మా పక్కనే కూర్చుని చుడుతోంది. బోధన్‌లో అత్తగారింటి నుంచి వచ్చి నెల దాటింది, తిరిగి పోనంటోంది. ఎందుకని అడిగితే ఏదో చెప్పింది గానీ ఎవరి తలకూ ఎక్కలేదు. బావ తాగడు, కొట్టడు. "బంగారమసొంటి మొగడు, నీకేం రోగమే?" అని అవ్వ రోజూ సతాయించేది. ఆ సాయంత్రమే బావ తీసుకుపోవడానికి వస్తున్నాడు. బ్యాగు కూడా అవ్వే సర్దింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఏమని అడ్డుపడను?

"ఇంకెంతసేపే? గీ సిన్మల ఎవ్వలన్న సస్తరా, సావరా?" అవ్వ విసుక్కుంది. "గా మొగోడు మాత్రం మంచోడు. ఎంత నిమ్మలంగ మాట్లాడుతుండో సూడు."

సూడు అంటుందే గానీ తను చూస్తే కదా!

"గాయినే సంపుతడు," అంది అక్క.

"నీకెట్ల ఎర్క? ఇంతకుముందు సూసినవా?"

"సూడలే. అవ్వా, గా ఆకు పక్కకు పెట్టి జర తల ఎత్తు."

అవ్వ గొణుక్కుంటూనే తలెత్తింది. తెర మీద మాటల్లేవు. పెళ్లాం స్నానానికి పోయింది. మొగుడు వచ్చి పాలగిన్నె కింద మంట పెంచి, మళ్లీ వెళ్లి పేపరు పట్టుకున్నాడు. పాలు పొంగి మాడిపోయాయి. ఆమె పరుగెత్తుకొస్తే తల నిమిరి, "మళ్లీ మర్చిపోయావా? పర్వాలేదులే," అన్నాడు. వినే అవ్వకైతే ఆ ప్రేమ మాట ఒక్కటే అందేది.

"మా ఇంట్ల పాలు గాదు, తాళంచెవులు," అంది అక్క, దారం చుడుతూనే. "పెట్టిన కాడ ఉండయి. బియ్యం డబ్బల దొరుకుతయి. 'నీకు మతి తప్పింది, పర్వాలే, నేనున్న గద' అంటడు. వాళ్లోళ్లందరికి గదే చెప్పిండు. నాకు నిజంగనే పిచ్చి లేసిందనుకున్న అవ్వా. ఒకపారి ఆయనే చెవులు డబ్బల పెడుతుంటే తలుపు సందుల కెల్లి సూసిన."

అవ్వ చేతులు ఆగిపోయాయి. "ముందుగాలనే ఎందుకు చెప్పలేదే?"

"చెప్పిన. నువ్వు నవ్వినవ్."

హత్య జరగకముందే అవ్వ టీవీ బంద్ చేసింది. చివర ఏమవుతుందో చూడాలని నాకు ప్రాణం కొట్టుకుంది.

సాయంత్రం బావ మిఠాయి డబ్బాతో వచ్చాడు. "మంచిగున్నవా అత్తమ్మా?" అంటూనే బ్యాగు జిప్పు లాగాడు. "ఈమెకు మతిమరుపు గద, అన్ని పెట్టుకుందో లేదో నేనే సూస్త."

అవ్వ అతని మొహం చూడలేదు, చేతులే చూసింది. బ్యాగు తన వైపు లాక్కుంది.

"చాయ్ తాగు అల్లుడా. పిల్ల రాదు. రేపు నేనే బోధన్ వస్త, మీవోళ్లందరిని కూసోబెట్టు. నా బిడ్డకు మతి మంచిగనే ఉన్నది. ఇన్ని దినాలు లేనిది నాకే."

లోపలి గదిలో అక్క బోరున ఏడ్చింది.