నేను ఏరుకున్న మూడు మంత్రాలు

హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారేటప్పుడు పళ్ళబండి మీది రసాల వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను నూజివీడులోని మా తాతయ్య మామిడి షెడ్డులోకి వెళ్ళిపోతాను. వేసవి సెలవుల్లో ఆ షెడ్డే మా లోకం. వరిగడ్డిలో మగ్గుతున్న కాయలు, వాటిని ఏరుతూ ఆడవాళ్ళు చెప్పుకునే కబుర్లు, బయట నులకమంచం మీద ఎండుతున్న మాగాయ ముక్కలు, తొడిమ దగ్గర వాసన చూసి అది ఎవరి తోట కాయో చెప్పేసే తాతయ్య, మధ్యాహ్నం ముంజలు తిని జిగురుజిగురుగా మిగిలిన మా చేతులు.

అప్పుడు నాకు పదేళ్ళు. నత్తి. మాధవి అన్న నా పేరే నా నోట్లో ఇరుక్కునేది. ఎవరైనా అడిగితే నా బదులు అన్నయ్య చెప్పేసేవాడు.

ఆ వేసవిలో, హైదరాబాదులో చదువుకుంటున్న శారద పిన్ని ఏదో ఆట నియమాలున్న ఒక ఇంగ్లీషు జిరాక్సు పుస్తకమూ, దానికి కావలసిన కొన్ని వింత పాచికలూ తెచ్చింది. కాయలు ఏరే సుబ్బమ్మ కూతురు నాగమణి ఇరవై ముఖాల పాచికను తిప్పి చూసి, "ఇదేంటండీ, సీతాఫలంలా ఉంది!" అంది. ఆట ఏమిటంటే, పిన్ని కథ చెబుతుంది, మేం అందులో మనుషులం; మేం చేసేది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. అన్నయ్య, నాగమణి కత్తులు పట్టారు. నేను మంత్రగత్తెను.

కొత్త మంత్రగత్తెకు మూడే మంత్రాలట, ఒక్కోటి రోజుకు ఒక్కసారేనట. పిన్ని పన్నెండు పేర్లు తెలుగులో రాసి నా ముందు పెట్టి, "ఏరుకో. పేరు పైకి పలికితేనే పనిచేస్తుంది" అంది.

మంట, మెరుపు, మంచుబాణం... గొప్పవన్నీ 'మ'తోనే ఉన్నాయి. నోరు తిరిగేవాటి కోసం వెతికి వెలుగు, ఈక, నిద్ర తీసుకున్నాను. ఈక అంటే, పైనుంచి పడేవాళ్ళు మెల్లగా నేల మీద వాలే మంత్రం.

"నిప్పు లేకుండా రాక్షసుణ్ణి ఏం చేస్తావే? జోల పాడతావా?" అని అన్నయ్య నవ్వాడు.

వెలుగుతో గుహలోకి దారి దొరికింది. అగాధంలో జారిన నాగమణిని ఈక కాపాడింది. చివరికి రాక్షసుడు ఎదురయ్యాడు. అన్నయ్య పడిపోయాడు, నాగమణి కత్తి విరిగింది. అందరూ నావైపు చూశారు.

"ని... ని..."

సులువనుకున్న అక్షరమే అడ్డం పడింది. అన్నయ్య నోరు తెరవబోతే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగరా. అది తన మంత్రం."

కాయలు ఏరే చేతులు కూడా ఆగాయి. ఎంతసేపో తెలియదు. "నిద్ర" అన్నాను. పాచిక దొర్లింది, రాక్షసుడు కూలబడ్డాడు.

నాగమణి నవ్వలేదు. "నువ్వు అంత నెమ్మదిగా చదివావు కాబట్టే, అంత మొద్దునిద్ర పోయాడు" అంది ఎంతో నమ్మకంగా.

మరుసటి వేసవికి నేను మంటను ఏరుకున్నాను. దాన్ని పలకడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇప్పుడు బాపులపాడులో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నత్తి పూర్తిగా పోలేదు, భయం పోయింది. షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. తాతయ్య లేడు, పాచికలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. మొన్న పిన్నితో ఫోనులో ఆ ఆట మాట వచ్చి, మంత్రాన్ని పైకి పలకాలన్న నియమం ఆ పుస్తకంలో ఎక్కడుందని అడిగాను.

"పుస్తకంలోనా?" అని నవ్వింది పిన్ని. "అందులో సగం నాకే అర్థం కాలేదు. అది నేను పెట్టిందేనే. నీ గొంతు వినాలనిపించింది."