చేతులేమంటాండాయి?

కంబదూరులో సైకిళ్లు బాగుచేసే ఆయన పానా పట్టుకోకముందే మనిషి మణికట్లు చూసేవాడు. సైకిలు తొక్కి వచ్చినవాళ్లను ఒకటే అడిగేవాడు: “చేతులేమంటాండాయి?”

విరిగి అతికిన నా చేతికి అదురు తగలకూడదని హ్యాండిల్‌ను పట్టి ఉంచే కడ్డీ, అదే స్టెమ్, స్ప్రింగు ఉన్నది వేయించుకున్నాను. మెత్తగా ఉంటుందని నేనే దాన్ని వదులు చేశాను. తీరా నీళ్ల క్యాన్లు తగిలించుకొని వచ్చే రోజు స్ప్రింగు పూర్తిగా కుంగిపోయి, ప్రతి గుంతా మణికట్టులో పొడిచేది.

“ఖాళీ సైకిలుకు సరిచేసినావు. ఈడ ఖాళీగా ఎవురు తొక్కుతారప్పా?” అన్నాడు. నా రెండు ఖాళీ క్యాన్లలో తన అంగట్లోని బిందె నీళ్లు నింపి హ్యాండిల్‌కు తగిలించాడు. నన్ను ఎక్కించి, స్ప్రింగు కొంచెం కొంచెంగా బిగిస్తూ మూడుసార్లు గతుకుల్లో తిప్పించాడు. మూడోసారి నా చేతులు ఏమీ అనలేదు.

ఊళ్లో ఆ రోజు కొళాయి రాలేదు. ఆయన బిందెలో చెంబెడు నీళ్లు కూడా మిగల్లేదు. తిరిగి పోసేద్దామని క్యాన్ మూత తీయబోతే నా చేయి పట్టుకున్నాడు.

“బరువు తీస్తే నా పని చెడిపోతాది. అట్లే పో.”