హన్మాండ్లు నిలబడిన శుక్రవారం

“...మీసం గీక్కుంటే మనిషి మారిపోతడా? నువ్వు గీక్కున్ననాడు నీ పాస్‌పోర్ట్ మారిందా?”

“పాస్‌పోర్ట్ మారలే, మొఖం మారింది. ఎయిర్‌పోర్టుల గంటసేపు నిలబెట్టిండ్రు. అందుకే చెప్తున్న, వీడు ఆడు గాదు.”

“మోటు మామనే. ఆ నడుం చూడు. ప్యాంటు ఎగేసుకునుడు చూడు.”

“అమెరికల లావుగున్నోళ్లందరు ప్యాంటు ఎగేసుకుంటరు.”

రామాంజులు తలుపు బయట నిలబడి విన్నాడు. ఖతర్‌లోని అల్ ఖోర్‌లో ఉన్న ఆ లేబర్ క్యాంప్‌కు అతను సూపర్‌వైజర్. వంటింట్లో గడ్డకట్టిన మాంసం కరిగి నీళ్లోడుతోంది. బియ్యం ఎంత నానబెట్టాలో చెప్పే మనిషి లేడు. పని మానేసి శాశ్వతంగా ఊరికి పోయేవాడు తన ఆఖరి శుక్రవారం క్యాంప్ మొత్తానికి దావత్ ఇవ్వడం అక్కడి పద్ధతి. ఎవరు పోతున్నా ఆ దావత్ వండేది క్యాంప్ వంటమనిషి హన్మాండ్లు. ఈసారి పోయేవాడు కూడా హన్మాండ్లే. తన దావత్ తనే వండాలి. ఇందులో వింత ఎవరికీ కనపడలేదు.

తలుపు తోసి లోపలికి వెళ్లాడు. కింది మంచం మీద ఇద్దరూ భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. హన్మాండ్లు లుంగీలో ఉన్నాడు. కంపెనీ బస్సు డ్రైవర్ ఇక్రాముద్దీన్ జుమ్మా నమాజు నుంచి వచ్చి టోపీ కూడా తీయలేదు. వాళ్ల ముందు ఊరగాయ సీసాకు ఆనించి పెట్టిన ఫోన్‌లో మీసం లేని ఒక లావుపాటి తెల్లవాడు నల్లటి బంతిని గుడ్డతో తుడుస్తున్నాడు. తలంటు పోసిన పసిపిల్లను తుడిచినంత శ్రద్ధగా తుడుస్తున్నాడు.

“హన్మాండ్లన్నా, నూనె కాగబెట్టల్లా వద్దా? అంతా ఆకలిమీదుండారు.”

“ఆఖరి బంతి అయినంక వస్త సార్.”

“ఏం బంతి?”

“ముప్పై ఏండ్ల కిందటి బంతి,” అన్నాడు ఇక్రాముద్దీన్. “ఈయన పడ్డడా, నిలబడ్డడా అని పంచాయతి. కూసోండ్రి సార్. వైఫై గూడ కూసున్నది.”

నిజంగానే ఫోన్‌లో లావుపాటివాడు ఒక కాలు ముందుకు వేసి ఆగిపోయి ఉన్నాడు. రామాంజులు ఎదుటి మంచం మీద కూర్చున్నాడు.

హన్మాండ్లు ఖతర్‌కు వచ్చేనాటికి మీసాలు నల్లగా ఉండేవి. ఆర్మూరు దగ్గరి పల్లె అతనిది. స్లాబులకు చెక్కలు బిగించే షట్టరింగ్ పనికి వచ్చాడు. అప్పట్లో కంపెనీ తన పనివాళ్లను దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని ఒక పాత ఇంట్లో పెట్టింది. గదికి పది మంది. గదిలో పెద్దవాడు సాయిబాబు వీధిలో ఎవరో పారేసిన టీవీ ఒకటి మోసుకొచ్చాడు. దానికి బొమ్మ ఉంది, గొంతు లేదు. మిద్దె మీద ఏరియల్‌ను ఏ దిక్కుకు తిప్పినా పక్క దేశం చానల్ ఒకటే నిలకడగా వచ్చేది. శుక్రవారం మధ్యాహ్నం అందులో అమెరికా వాళ్ల బౌలింగ్ పోటీలు వేసేవాళ్లు.

అద్దంలా మెరిసే చెక్క నేల. దాని మీద బరువైన బంతిని దొర్లించే లావుపాటి మగవాళ్లు. ఆ చివర మూడు మూలల ముగ్గులా పేర్చిన పది తెల్ల సీసాలు. వాటి అసలు పేరేమిటో ఆ గదిలో ఎవరికీ తెలియదు. సీసాలనే అనేవాళ్లు. పది సీసాలు, పది మంచాలు. రెండో శుక్రవారానికల్లా సాయిబాబు నియమం పెట్టేశాడు. మనిషికో సీసా. పోటీలో ఆఖరి బంతికి ఎవరి సీసా పడితే వాళ్లకు ఆ వారం వంట డ్యూటీ. అందరికంటే ముందు పడ్డవాడు పొయ్యి దగ్గర ఉండాలి. తర్వాత పడ్డవాళ్లు ఉల్లిగడ్డలు కోయాలి, గిన్నెలు తోమాలి. నిలబడ్డవాళ్లు తిని పడుకోవచ్చు.

గదిలో అందరికంటే కొత్తవాడు కాబట్టి అన్నిటికంటే ముందు నిలబడే సీసా హన్మాండ్లుకు ఇచ్చారు. ముందు నిలబెట్టడం మర్యాద అనుకుని అతను సంతోషించాడు.

కోరుట్ల నుంచి వచ్చి అప్పట్లో నీళ్ల ట్యాంకర్ నడుపుతున్న ఇక్రాముద్దీన్ మాత్రం ఆటను ఒక వారం ఊరికే చూసి, మరుసటి వారం వెనక వరసలో కుడి మూల సీసా అడిగి తీసుకున్నాడు. చాలా బంతులకు అది తొణకనైనా తొణకదు. ఇక్రాముద్దీన్ ఇంతవరకు పొయ్యి ముట్టలేదు. ఒకసారి టీ కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టబోతే గది మొత్తం కరెంటు పోయింది.

బంతి తగిలి పది సీసాలూ కూలితే టీవీలో జనం లేచి చప్పట్లు కొట్టేవాళ్లు. గదిలో పది మంది తలలు కొట్టుకునేవాళ్లు. బంతి వేసేవాడు వాళ్ల లెక్కలో దుర్మార్గుడు. పడ్డ సీసాలను పైకి లాగి మళ్లీ వరసగా నిలబెట్టే యంత్రం ధర్మాత్మురాలు. అది కిందికి దిగినప్పుడల్లా సాయిబాబు రెండు చేతులూ జోడించేవాడు. ఆటగాళ్లలో వాళ్లకు నచ్చినవాడు ఒక్కడే. లావుగా, మీసంతో, ఎడమచేత్తో వేసేవాడు. మోటు మామ అని పేరు పెట్టుకున్నారు. చాలాసార్లు గురి తప్పేవాడు. ఓడిన కొద్దీ గదిలో అతని గౌరవం పెరిగేది. ఒక ఏడాది కాస్త చిక్కి కనిపిస్తే, గురి కుదురుతుందేమోనని పది మందీ దిగులు పడ్డారు.

మోటు మామ వేసినా, మరొకడు వేసినా ముందు సీసా మాత్రం పడేది. వెనకవాటిలో ఒకటో రెండో మిగిలేవి. ముందుది మిగిలేది కాదు. మొదటి నెల హన్మాండ్లు వండిన అన్నం గోడకు కొడితే అంటుకునేలా ఉండేది. ఏడాది తిరిగేసరికి అతని పప్పు వాసనకు పక్క గదివాళ్లు ఖాళీ గిన్నెలతో వచ్చేవాళ్లు. అల్ ఖోర్‌లో కొత్త క్యాంప్ కట్టి మెస్ పెట్టినప్పుడు మేనేజర్ వచ్చి మీలో వంట ఎవరు చేస్తారని అడిగాడు. తొమ్మిది వేళ్లు ఒకేసారి ఒకే వైపు తిరిగాయి. హన్మాండ్లు నెత్తి మీది హెల్మెట్ తీసుకుని చేతికి గరిటె ఇచ్చారు. నీకు వంటంటే ఇష్టమా అని ఎవరూ అడగలేదు.

మెస్ వచ్చాక ఆటలో పస పోయింది. ఎవడు పడితే ఏమిటి, వండేవాడు వండుతున్నాడు. టీవీ ఎటో పోయింది. సాయిబాబు, మిగతావాళ్లు ఒక్కొక్కరే ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలింది ఇద్దరే. ఇన్నేళ్లకు ఆ పోటీల పాత రికార్డింగులు ఎవరో ఫోన్‌లో పెడుతున్నారని ఇక్రాముద్దీన్ కనిపెట్టాడు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఇద్దరూ చూస్తున్నారు. ఇప్పుడు ఫోన్‌లో మాటలు కూడా వస్తాయి. ఇద్దరికీ అది నచ్చలేదు. గొంతు మూసేసి చూస్తారు.

“ఆ రోజులే వేరు సార్,” అన్నాడు ఇక్రాముద్దీన్. “పడేటోనికి ఒక విలువ ఉండె.”

“నీకేం తెల్సు పడేటోని విలువ? నువ్వెప్పుడు పడ్డవు?” అన్నాడు హన్మాండ్లు. తర్వాత రామాంజులు వైపు తిరిగాడు. “సార్, మీరే చెప్పుండ్రి. ఒక్క శుక్రవారం నా సీస పడలే. మోటు మామ ఆఖరి బంతి పోయి మోరీల పడ్డది.”

“మోరీ యాడుండాది అక్కడ?”

“పక్కన గాడి ఉంటది సార్, బంతి అండ్ల పడితే సీసల దాక పోదు. ఆ వారం నేను వండలే. ఇంటిదానికి ఫోన్ చేసి గూడ చెప్పిన. ఈయనేమో అసొంటి శుక్రవారమే లేదంటున్నడు.”

“లేదు. ఉంటే నాకు యాదికుండదా?”

హన్మాండ్లు భార్య బాలవ్వ బీడీలు చుట్టి, పొలం చూసుకుని, ఇల్లు నడిపింది. గల్ఫ్ మొత్తాన్నీ దుబాయ్ అనే ఆ ఊళ్లో, మొగుడు దుబాయ్‌లో వందల మందికి వండుతాడని అందరికీ చెప్పుకుంది. అతను వచ్చిన రోజు నుంచి తను పొయ్యి దగ్గరికి పోయేది లేదని కూడా చెప్పేసింది. గ్యాస్ సిలిండర్ నింపించి పెట్టింది. ఫోన్‌లో ఆమె ఎప్పుడు ఆ మాట ఎత్తినా హన్మాండ్లు దగ్గర ఒకటే జవాబు: నేను గూడ ఒకసారి వండకుంట తిన్న.

“బతుకుల ఒక్క దినమన్న నేను వేరేటోళ్లు వండింది కూసోని తిన్ననా లేదా? గది తేలాలె సార్,” అన్నాడు. “తేలకుంట పొయ్యి ముట్టియ్య.”

ఫోన్‌లో లావుపాటివాడు కదిలాడు. బంతి వేశాడు. ఎనిమిది పడ్డాయి. యంత్రం దిగింది. మళ్లీ వేశాడు. మిగిలిన రెండూ పడ్డాయి. కొత్తగా పది సీసాలు నిలబడ్డాయి.

“ఇదే ఆఖరు,” అని ఇక్రాముద్దీన్ టోపీ సర్దుకున్నాడు.

ఫోన్ మీద ప్రకటన వచ్చింది. లుసైల్‌లో సముద్రం కనపడే ఫ్లాట్లు. తెల్ల సోఫా మీద ఒక కుటుంబం నవ్వుతూ ద్రాక్షపళ్లు తింటోంది.

“ఈ బిల్డింగుకు స్లాబ్ వేసిననాడు అందరికి గుడ్డుకూర పంపిన,” అన్నాడు హన్మాండ్లు.

“ముంగట బంతి చూడు.”

లావుపాటివాడు ప్యాంటు పైకి లాక్కున్నాడు. నాలుగు అడుగులు మెల్లగా వేశాడు. ఐదో అడుగులో బూటు ఎక్కడో పట్టేసింది. మనిషి ముందుకు తూలాడు, బంతి చేతిలోంచి జారి పక్క గాడిలోకి దిగింది. సీసాలన్నీ నిలబడి ఉండగా వాటి పక్క నుంచే వెళ్లి చీకట్లోకి పోయింది.

రామాంజులు తనకు తెలియకుండానే “అబ్బబ్బా!” అని లేచి నిలబడ్డాడు. అతని తల పైమంచానికి తగిలింది.

హన్మాండ్లు ఎగరలేదు. లుంగీ విప్పి మళ్లీ గట్టిగా కట్టుకున్నాడు. “చూసినవా?”

ఇక్రాముద్దీన్ వేలితో వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. ఇంకోసారి చూశాడు. “మోరీలనే పడ్డది,” అన్నాడు.

“మోటు మామనేనా?”

“మామనే. అప్పుడు మీసం లేకుండె. తర్వాత పెంచినట్టున్నడు.” ఫోన్ పక్కన పెట్టాడు. “సరే, నువ్వు పడలే. నేను పడలే. పది మందిల ఎవ్వరు పడలే. మరి ఆ వారం వండిందెవరు?”

హన్మాండ్లు పది మంది పేర్లూ వేళ్ల మీద లెక్కపెట్టసాగాడు.

“ఎవరు వండినారన్నా?” అన్నాడు రామాంజులు, తల రుద్దుకుంటూ.

“ఎవ్వరు వండద్దు సార్. అందరు నిలబడ్డరు గద,” అన్నాడు హన్మాండ్లు.

“అట్లైతే ఏం తిన్నారు?”

ఇక్రాముద్దీన్ కాళ్లు పైకి పెట్టుకున్నాడు. “ఇప్పుడు యాదికొస్తున్నది. ఎవ్వని మంచం మీద ఆడు పన్నడు. నా సీస నిలబడ్డది, నేనెందుకు లేస్త అని. సాయిబాబు ఇంకో రూల్ పెట్టిండు, ఎవడు ముందు లేస్తే ఆడు పడ్డట్టు అని. ఇంగ చూడుండ్రి సార్, ఒక్కడు కదలడు. నేనైతే పక్కకు గూడ ఒత్తిగిల్లలే. దోమ ముక్కు మీద కూసుంటే ఊదిన, చెయ్యి ఎత్తలే. అందరం సీసల లెక్క ఉన్నం. పొద్దు మునిగి మగ్రిబ్ నమాజు గూడ అయింది. కడుపుల ఎలుకలు.”

“తర్వాత?”

“తర్వాత ఒక మంచం కిర్రుమన్నది.”

ఇద్దరూ హన్మాండ్లు వైపు చూశారు.

“ఆకలైంది,” అన్నాడు అతను.

“టమాట పప్పు,” అన్నాడు ఇక్రాముద్దీన్. “వెల్లుల్లి పోపు. నేను మూడుసార్లు పెట్టుకున్న.”

“అసొంటి శుక్రవారమే లేదంటివి గద!”

“పప్పు యాదికుండె. బంతే యాదికి లేకుండె.”

అప్పుడే హన్మాండ్లు ఫోన్ మోగింది. బాలవ్వ. తెర నిండా ఆమె నుదురు, బొట్టు మాత్రమే కనిపించాయి.

“దావత్ అయిందా? అందరు తిన్నరా?”

“ఇంక కాలే చెల్లె,” అని ఇక్రాముద్దీన్ పక్కనుంచి తల పెట్టాడు. “మీ ఆయన అప్పుడు నిజంగనే పడలే. నేనే తప్పు చెప్పిన. పడకపోయిన వంట ఆయననే చేసిండు, గంతే.”

“పడకున్నా వండిండా? ఎవరు చెప్పిండ్రు?”

“ఎవ్వరు చెప్పలే. ఆయనే లేచిండు.”

నుదురు తెరకు ఇంకా దగ్గరైంది. “ఎందుకు లేచినవయ్యా?”

“ఆకలైంది.”

“ఇంట్ల గూడ ఆకలైతది,” అంది బాలవ్వ. “జల్ది రా.” ఫోన్ పెట్టేసింది.

రామాంజులు నవ్వబోయి, హన్మాండ్లు ముఖం చూసి మానుకున్నాడు. వరండాలో ఎవరో ప్లేటు మీద చెంచాతో కొడుతున్నారు. ఇంకో ఇద్దరు కలిశారు.

“లేన్నా,” అన్నాడు రామాంజులు. “తేలిపాయ గదా. నువ్వు పడలేదు. అందరికీ నేనే చెప్తా. రా, నూనె పెడదాం. రేపు మాపటికి నీ ఫ్లైట్.”

హన్మాండ్లు లేచాడు. రామాంజులు తలుపు తీసి పట్టుకున్నాడు. హన్మాండ్లు తలుపు వైపు రాలేదు. మంచం మీది ఊరగాయ సీసా, ఇక్రాముద్దీన్ ఫోన్ తీసి కిటికీలో పెట్టాడు. ఇక్రాముద్దీన్ కాళ్లను పక్కకు నెట్టి, తలగడ సర్దుకుని, తను వెల్లకిలా పడుకున్నాడు.

“సార్,” అన్నాడు పైమంచం చెక్కను చూస్తూ, “నా టికెట్ ఆపుండ్రి. ఇయ్యాల ఇక్రాం భాయ్ వండుతడు. వండుడు రాకుంటే రేపు వండుతడు, రేపు రాకుంటే ఎల్లుండి. ఆయన వండింది నేను కూసోని తిన్నంకనే ఊరికి పోత.”