పీపాల వంతెన దాటేటప్పుడు

యమున మీద ఇనప పీపాలు తేల్చి, పైన పలకలు పరిచిన వంతెన దగ్గర కండక్టర్ మమ్మల్నందరినీ దింపేశాడు. అక్కడ బస్సు ఖాళీగా ముందు వెళ్తుంది, జనం వెనక నడవాలి. అది అక్కడి పద్ధతి. బస్సు కదిలేసరికి కాళ్ల కింద పలకలు లేచిపడ్డాయి. సందుల్లోంచి నీళ్లు సుళ్లు తిరుగుతూ కనబడ్డాయి. నా పక్క సీటు ముసలావిడ భయపడుతుందేమోనని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆ ఇసుక దిబ్బ చూశావా బేటీ?" అంది ఆవిడ హిందీలో. "మా పాత ఊరు అక్కడే ఉండేది. నది తినేసింది. ఇవతల మళ్లీ కట్టుకున్నాం."

"భయపడకండి అమ్మాజీ" అన్నాను. ఆమె మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

నడిమధ్యలో బస్సు ఆగిపోయింది. వంతెన ఒక పక్కకి ఒరిగింది. ఎవరో కేక పెట్టారు.

"కిందకి కాదు, అటు చూడు. సారస్ జంట!" అంది ముసలావిడ.

గోధుమ చేల అంచున రెండు ఎర్రతలల కొంగలు తాపీగా నడుస్తున్నాయి. వాటినే చూస్తూ నడిచాను.

ఒడ్డెక్కాక ఆవిడ నవ్వింది. "ఇక వదులు బేటీ, గాజులు పగులుతాయి."

నా అరచేతిలో ఆ గాజుల అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి.

ఇప్పటికీ లక్ష్మీ నగర్ నుంచి మెట్రోలో యమున దాటేటప్పుడు నేను నీళ్లకేసి చూడను. ఒడ్డున కొంగలేమైనా ఉన్నాయేమో వెతుకుతాను.