పెళ్లి వీసీడీ

నాకూ చదువుకూ ఏడో తరగతిలోనే చెడింది. అందుకే వీసీడీ, డీవీడీ అనే ఆరు అక్షరాల ముందు చేతులెత్తేశాను.

పాత వీసీడీలు ఇస్తే కొత్త డీవీడీ ప్లేయరు మీద తగ్గింపు ఉందన్నారు జగదల్‌పూర్ దుకాణంలో. కొత్తదాంట్లో పాతవి ఆడవనుకుని, మా ఆవిడకు చెప్పకుండా అన్నీ సంచీలో వేసుకుని మా ఊరు బచేలీలో బస్సెక్కాను. వాటిలో మా పెళ్లిదీ ఉంది. పోయిన మా అత్తగారు నవ్వుతూ కనిపించేది అందులోనే.

పక్క సీట్లో, బూట్ల నిండా ఇనుప గని ఎర్రదుమ్ముతో ఒక పెద్దాయన. సంచీలో పెళ్లిఫొటో అట్ట చూసి, "ఏటి బాబూ, పెళ్లి డిస్కు కూడా ఇచ్చెస్తన్నావా?" అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన టిఫిన్ క్యారేజీ విప్పి, పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టి చూపించాడు.

"డీవీడీ ప్లేయరు పెద్ద గిన్నె. అందులో వీసీడీలూ ఆడతాయి. మా ఇంట్లో రెండూ చూస్తన్నాం."

హమ్మయ్య అనుకుని సంచీని ఒళ్లోకి లాక్కున్నాను.

తగ్గింపు వదులుకుని కొన్న కొత్త ప్లేయర్లో అత్తగారు నవ్వింది. అప్పుడు జరిగిందంతా చెప్పాను. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ అంది:

"అమ్మనైతే ఆ పెద్దాయన కాపాడిండు. నన్ను ఏ ఆఫర్ల ఇచ్చొస్తవో ముందే చెప్పు, మంచి చీర కట్టుకుని తయారుంట."