చెయ్యి చాపే తిరిగాడు మా సైకిల్ షాపు మావయ్య

మా సైకిల్ షాపు మావయ్య పోయాడు. పోయిన బుధవారం పొద్దున అద్దంకి రోడ్డు మీద కారు గుద్దింది. ఒంగోలు ఆసుపత్రిలో చేర్చాం. శుక్రవారం ప్రాణం పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను ఊరికి తిరిగొచ్చి, వీధిలో మిఠాయి పంచుతున్నాను. మా అమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చింది మరి. ఆరో తరగతి దాటని నాలాంటివాడి కూతురు పిల్లలకి లెక్కలు చెప్పబోతోందంటే నేను నేల మీద నిలుస్తానా? ఎదురైన ప్రతివాడి నోట్లో ముక్క పెడుతున్నాను. ఫోను విన్నాక పళ్ళెం ఎవరి చేతికిచ్చానో కూడా గుర్తు లేదు.

ఆ ఉద్యోగంలో సగం ఆయనదే. ఆయన మాకు చుట్టం కాడు. ఊరంతా మావయ్య అంటే నేనూ అన్నాను. మా పిల్లకి తాతయ్య. హైస్కూలు మా ఊరికి నాలుగు మైళ్ళు. ఆడపిల్లని రోడ్డు మీదికి ఎలా పంపను అని నేను గునుస్తుంటే, ఆయనే పాత సైకిలొకటి బాగుచేసి, వెనక లైటు పడితే మెరిసే ఎర్రబిళ్ళ బిగించి తెచ్చాడు. బడి ఆవరణలో సీటు పట్టుకుని వెనకాలే పరిగెత్తాడు. తొక్కడం వచ్చాక కూడా పది రోజులు రోడ్డెక్కనివ్వలేదు. కుడికి తిరగాలంటే వెనక్కి చూడాలి, కుడిచెయ్యి చాపాలి, అప్పుడు తిరగాలి. అదే పాఠం.

"తొక్కడం వస్తే చాలదమ్మా. నువ్వెటు పోతున్నావో వెనకాల వాడికి తెలియాలి" అనేవాడు.

తను కూడా అంతే. ఖాళీ రోడ్డు మీదైనా చెయ్యి చాపకుండా తిరిగేవాడు కాదు. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు ఊరుకుంటారా? "ఏం తాతా, వాన పడుతుందేమో చూస్తున్నావా?" అని అరిచేవాళ్ళు. "ఆఁ, నీ నెత్తినే పడేట్టుంది, లోపలికి పోరా!" అనేసి సాగిపోయేవాడు. బ్రేకు సరిగా పట్టని సైకిలు మాత్రం షాపు గడప దాటనిచ్చేవాడు కాదు. ఎంత తిట్టుకున్నా ఇవ్వడు.

ఒకసారి నా ఎదుటే, ఒక కారతను ఆయన మోచేతిని రాసుకుంటూ పోయి, ఆపి మరీ తిట్టాడు. "ఏయ్ ముసలోడా, పక్కకి పో!"

"పక్కనే ఉన్నాను నాయనా. ఇంకా పక్కకి పోతే కాలవలో ఉంటాను. నీకు లైసెన్సు ఇచ్చినప్పుడు సైకిళ్ళుంటాయని చెప్పలేదా?"

అతను హారన్ కొట్టి పోయాడు. హారన్ కొడితే రోడ్డు తమ పేర రాసిచ్చినట్టే అనుకుంటారు వీళ్ళు! వెనకనించి వచ్చేవాడు నెమ్మదించాలనీ, ఎడం ఇచ్చి దాటాలనీ చట్టంలోనే ఉందట. ఎవడు చూశాడు? చక్రాలు రెండైతే మనిషి కాడా?  

ఇప్పుడు ఆ బుధవారం సంగతి చెబుతాను. గుద్దిన కారతను పోలీసులకి చెప్పింది ఒకే ముక్క: "ముసలాయన ఒక్కసారిగా అడ్డమొచ్చాడండీ." వాళ్ళు అదే రాసుకున్నారు. అడ్డమొచ్చాడా? జీవితమంతా రోడ్డు అంచున ఉండే తెల్లగీతకి ఎడమవైపే తొక్కిన మనిషి! చచ్చిపోయిన వాడు లేచొచ్చి జవాబు చెప్పడనే కదా ధైర్యం!

నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. మావయ్య వెనక్కి చూశాడు. చెయ్యి చాపాడు. గీత దాటాడు. కారు వేగం తగ్గలేదు. హారన్ ఒక్కటే మోగింది.

గీత ఎందుకు దాటాడంటారా? ఎడమ పక్కంతా నా మిరపకాయలు ఉన్నాయి కాబట్టి.

మా వైపు కాయ కోశాక తారు మీద ఆరబోస్తాం. తారు వేడికి తొందరగా ఎండుతుంది. బళ్ళు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతాం. అందరూ చేసేదే, నేనూ చేశాను. నిరుడే మావయ్య సైకిలు దిగి అడిగాడు. "ఏరా అల్లుడూ, నీ కాయలకి చోటు దొరికింది. మేమెక్కడ తొక్కాలిరా?" నేను నవ్వాను. "నాలుగు రోజులే మావయ్యా, కాస్త సర్దుకో" అన్నాను. ఆయన సర్దుకున్నాడు.

ఆయన్ని ఆటో ఎక్కించి పంపాక నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? పోలీసులు వచ్చేలోపు కాయలు గోనె పట్టాల్లోకి ఊడ్చేశాను. రాళ్ళు కాలవలోకి దొర్లించాను. తర్వాతే ఒంగోలు బయల్దేరాను. ఆ కారతన్ని తిట్టిన తిట్లన్నీ నాకూ తగులుతాయి.

చావుకి వచ్చిన మా అమ్మాయి ఒకటే అడిగింది.

"నాన్నా, తాతయ్య గీత దాటడు కదా. ఎందుకు దాటాడు?"

"ఏమోనమ్మా."

"అక్కడ కాయలెవరివి నాన్నా?"

నేను తల దించుకున్నాను.  ఎవరి కోసం నేను ఊరంతా మిఠాయి పంచానో ఆ పిల్ల, నా బంగారుతల్లి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళాను. అంతా చెప్పాను. ఎస్సై గారు పెన్ను ఆపి, "మీ మీద కూడా కేసవుతుంది పెద్దాయనా, తెలుసా?" అన్నారు.

"రాయండి సార్. ముందు ఆయన చెయ్యి చాపాడని రాయండి. అది నేను చూశానని రాయండి."

రాశారు. చదివి వినిపించమన్నాను. విని, సంతకం పెట్టాను. ఇక ఆ కాగితాల్లో అడ్డమొచ్చాడన్న మాటే కాదు, చెయ్యి చాపాడన్న మాటా ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి ఊళ్ళోవాళ్ళు అరుగు మీద ఉన్నారు. "నీ పాపం కడుక్కోడానికి మమ్మల్నందరినీ ఇరికిస్తావా? రేపు మా కాయలు నీ నెత్తిన ఆరబోసుకోమంటావా?" అని లేచారు. పోసుకోండిరా, నా నెత్తిన పోసుకోండి, రోడ్డు మీద మాత్రం వద్దు అన్నాను. ఒక్కడూ వినలేదు.

ఈ పొద్దున రోడ్డు మీద నిలబడి చూశాను. అటూ ఇటూ అందరి కాయలూ ఎర్రగా పరిచే ఉన్నాయి. మధ్యలో నా వంతు ఒక్కటే ఖాళీ. హైస్కూలు పిల్లలు సైకిళ్ళ మీద వస్తున్నారు. లారీల పక్కనించి వచ్చి, ఆ ఖాళీ చోట గీత లోపలికి దిగి, నాలుగు తొక్కులు తొక్కి, మళ్ళీ ఒకరి వెనక ఒకరు చెయ్యి చాపి లారీల మధ్యలోకి వెళ్తున్నారు.